సిలోయము బురుజు ఎవరిమీద కూలింది?

(లూకా 13:1-9)



మూడేళ్ళకొకసారి, తపస్సుకాలపు మూడవ ఆదివారాన దివ్యపూజలో ఈ సువిశేష భాగాన్ని చదువుతాం. కొందరు యేసు వద్దకు వచ్చి ఒక ఘోరమైన వార్త చెప్పారు. బలులు అర్పించుకుంటున్న గలిలీయులను కొందరిని పిలాతు చంపించాడు. వారి రక్తం బలిపశువుల రక్తంతో కలిసిపోయింది. వార్త తెచ్చినవారు పైకి అడగకపోయినా, వారి మనసులోని మాట ప్రభువుకు తెలుసు. 'ఏ పాపం చేశారో, ఇలా పోయారు' అన్నదే ఆ మాట. ప్రభువు దాన్ని బయటకు లాగాడు. అంతటితో ఆగక తానే మరో వార్త జోడించాడు. సిలోయము వద్ద బురుజు కూలి పద్దెనిమిదిమంది చనిపోయారు. యెరూషలేములో కాపురమున్న మిగతావాళ్ళకంటె వాళ్ళు ఎక్కువ దోషులా? కానే కాదని ఖండితంగా చెప్పాడు.

ఈ రెండు వార్తలకూ తేడా ఉంది, గమనించండి. మొదటిది మనిషి కావాలని చేసిన హత్య. రెండవది ఎవరూ కోరని ప్రమాదం. దేవుడు ఉన్నాడా, ఉంటే మంచివాడా అని లోకంలో జరిగే వాదమంతా ఈ రెండింటి చుట్టూనే తిరుగుతుంది. హంతకుని చేతిని దేవుడు ఎందుకు ఆపలేదు? కూలే గోడను ఎందుకు పట్టుకోలేదు?

ప్రశ్న పాతదే

ఈ ప్రశ్న నాస్తికులు నిన్నగాక మొన్న కనిపెట్టింది కాదు. చెడును తొలగించాలని దేవునికి ఉండి తొలగించలేకపోతే ఆయన శక్తిలేనివాడు, తొలగించగలిగీ తొలగించకపోతే దయలేనివాడు, శక్తీ దయా రెండూ ఉంటే మరి ఈ చెడు ఎక్కడిది? ఇది క్రీస్తుకు ముందు జీవించిన గ్రీకు తత్త్వవేత్త ఎపిక్యూరస్ వాదమని చెబుతారు. దాన్ని మనదాకా భద్రంగా తెచ్చినవాడు ఎవరో తెలుసా? నాలుగవ శతాబ్దం ఆరంభంలో రచనలు చేసిన క్రైస్తవ రచయిత లక్తాన్సియస్. జవాబు చెప్పడం కోసం ఆయన ఆ వాదాన్ని తన గ్రంథంలో రాసిపెట్టాడు.

పదమూడవ శతాబ్దంలో పునీత తోమాసు అక్వీనాసు తన మహా వేదాంత గ్రంథంలో 'దేవుడు ఉన్నాడా?' అని ప్రశ్న వేసుకున్నప్పుడు, దేవుడు లేడనేవారి పక్షాన మొట్టమొదట రాసిన ఆక్షేపణ ఇదే. లోకంలో చెడు ఉంది కాబట్టి అనంతమైన మంచి అయిన దేవుడు ఉండడానికి వీల్లేదనేది ఆ ఆక్షేపణ. దానికి ఆయన పునీత అగుస్తీను మాటను ఆధారం చేసుకుని జవాబిచ్చాడు. చెడులోనుంచి కూడా మంచిని తీయగల శక్తి, మంచితనం దేవునికి ఉన్నందువల్లనే చెడును ఆయన సహించి ఊరుకుంటాడని ఆ జవాబు సారాంశం.

పునీతుడే ఈ ప్రశ్నను మొదటి వరుసలో కూర్చోబెట్టాడంటే, దాన్ని అడిగినవాడిని మనం వెలివేయనక్కరలేదు. పైగా ఈ ప్రశ్న అడిగేవాళ్ళు రెండు రకాలు. ఒకరు వాదించాలని అడుగుతారు. మరొకరు సమాధి దగ్గర మట్టి వేసి ఇంటికి వచ్చి అడుగుతారు. వాదించేవాడికి చెప్పే జవాబు ఏడ్చేవాడికి పనికిరాదు. ఏడ్చేవాడికి కూడా ఓర్పుగా చెప్పగల మాట ఏదైనా మన దగ్గర ఉందా అన్నదే ఈ వారం మన ఆలోచన.

దేవుని తరఫు ప్లీడర్లు

దేవుణ్ణి కాపాడబోయి మనుషులపై నేరం మోపడం మనకు అలవాటు. యోబు గ్రంథం చదవండి. బిడ్డలు పోయి, ఒళ్ళంతా పుండ్లు పడి, బూడిదలో కూర్చున్న యోబును ఓదార్చడానికి ముగ్గురు స్నేహితులు వచ్చారు. ఏడు రోజులు నోరు మెదపకుండా అతని పక్కన కూర్చున్నారు. ఆ ఏడు రోజులూ వాళ్ళు మంచి స్నేహితులే. నోరు తెరిచాకనే చెడిపోయారు. 'దేవుడు న్యాయవంతుడు, నీకు కష్టం వచ్చింది, కాబట్టి నువ్వు పాపం చేసి ఉండాలి' అని లెక్క కట్టారు. చివరకు దేవుడు ఎవరిమీద కోపగించాడు? తనను నిలదీసిన యోబు మీద కాదు, తన తరఫున ప్లీడర్లలా వాదించిన ఆ ముగ్గురి మీద (యోబు 42:7).

ఇది పాతకాలపు కథగా మిగిలిపోలేదు. 1755 నవంబరు 1, సకల పునీతుల పండుగ. పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో ఉదయం పూజవేళ దేవాలయాలు జనంతో నిండి ఉన్నాయి. పీఠాలమీద కొవ్వొత్తులు వెలుగుతున్నాయి. దాదాపు పదిగంటలవేళ భూమి కంపించి, దేవాలయాల కప్పులు ప్రార్థిస్తున్నవారి మీదనే కూలాయి. బతికినవారు నదీతీరానికి పరుగెత్తితే అక్కడ సముద్రం పొంగి వారిని లాక్కుపోయింది. ఆపైన అగ్ని రోజుల తరబడి నగరాన్ని తగలబెట్టింది. చచ్చిపోయినవారు ముప్పైవేలకు తక్కువ ఉండరని చాలామంది అంచనా.

యూరప్ అంతా ఒక్కసారి ఉలిక్కిపడింది. లోకంలో అంతా మంచికే జరుగుతోందని చెప్పే తత్త్వవేత్తలను వెక్కిరిస్తూ ఫ్రెంచి రచయిత వోల్టేర్ వెంటనే ఒక పద్యం రాశాడు. లిస్బన్‌లో కూలింది, మిగతా నగరాలు నిలిచాయి, అక్కడి పాపం ఎక్కువా అని అడిగాడు. ఆయన శ్రీసభకు మిత్రుడు కాడు. అయినా ఆ ప్రశ్న సరిగ్గా ప్రభువు సిలోయము గురించి అడిగిన ప్రశ్నే. లిస్బన్‌లో మాత్రం గాబ్రియేల్ మలగ్రిడా అనే వృద్ధ గురువు, బ్రెజిల్ అడవుల్లో ఏళ్ళ తరబడి వేదప్రచారం చేసిన భక్తుడు, 1756లో ఒక పుస్తకం అచ్చువేశాడు. భూకంపానికి ప్రకృతి కారణాలు వెదకవద్దు, మన పాపాలే కారణం అని అందులో బోధించాడు. ఆయన ఉద్దేశం మంచిదే కావచ్చు. ఐదేళ్ళ తర్వాత, 1761లో, ఆయనను మతద్రోహిగా తీర్మానించి చంపించడం ఇంకా పెద్ద అన్యాయం. కానీ పూజలో మోకరించి చనిపోయిన తల్లుల గురించి, పిల్లల గురించి ఆయన చెప్పిన మాట సువిశేషపు మాట కాదు.

మన దేశంలోనూ ఇలాగే జరిగింది. 1934 జనవరి 15న బీహారులో భూకంపం వేలమందిని పొట్టన పెట్టుకుంది. అంటరానితనమనే పాపానికి దేవుడు వేసిన శిక్ష ఇదని గాంధీజీ అన్నారు. అంటరానితనం ఘోరపాపమని నమ్మే రవీంద్రనాథ్ ఠాగూరే ఆ మాటను బహిరంగంగా ఖండించారు. గాంధీజీ ఆ ఖండనను తన 'హరిజన్' పత్రికలోనే అచ్చువేశారు. ఆలోచించండి. అంటరానితనాన్ని పాటించినవాడి మేడ నిలిచి, ఆ పాపానికి బలి అయినవాడి మట్టిగోడ కూలితే, శిక్ష పడింది ఎవరికి?

అందుకే ప్రభువు సిలోయము దగ్గర ఆ దారి మూసేశాడు. పుట్టుగుడ్డివాడిని చూపించి, పాపం వీడు చేశాడా, వీడి తల్లిదండ్రులు చేశారా అని శిష్యులు అడిగినప్పుడు కూడా మూసేశాడు (యోహాను 9:1-3). మనం దాన్ని మళ్ళీ తెరవకూడదు.

1977లో, 1990లో

ఇక మన తీరానికి వద్దాం. 1977 నవంబరు 19 శనివారం. మరునాడు క్రీస్తురాజు పండుగ. ఆ సాయంత్రం కృష్ణా జిల్లా దివిసీమ మీదికి తుఫానుతోపాటు సముద్రం మనిషి ఎత్తుకు రెండు మూడింతల గోడలా లేచి వచ్చింది. ఊళ్ళకు ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి. ప్రభుత్వ లెక్క ప్రకారమే దాదాపు పదివేలమంది చనిపోయారు. పశువుల సంగతి చెప్పనక్కరలేదు. మునిగినవారిలో అన్ని మతాలవారూ, అన్ని కులాలవారూ ఉన్నారు. ఎక్కువమంది మాత్రం పల్లపు నేలల్లో గుడిసెలు వేసుకున్న కూలీలు, చేపలు పట్టుకునేవారు. క్రీస్తురాజు పండుగనాడు దివిసీమలో తెల్లవారింది శవాల మధ్య. 'నీ రాజ్యం ఎక్కడ ప్రభూ?' అని ఆ రోజు ఎవరైనా అడిగి ఉంటే వారిని తప్పుపట్టే నోరు నాకు లేదు.

1990 మే 9న, తీవ్రతలో దానికి తీసిపోని మరో తుఫాను ఇంచుమించు అదే తీరాన్ని తాకింది. ఈసారి చనిపోయినవారు వెయ్యిలోపే. వెయ్యి చిన్న సంఖ్య కాదు, ప్రతి ఒక్కరూ ఎవరో ఒకరి బిడ్డే. కానీ పదివేలెక్కడ, వెయ్యెక్కడ? 1977లోకంటె 1990లో దేవునికి దయ ఎక్కువైందా? సముద్రానికి జాలి పుట్టిందా? లేదు. మారింది మనుషులు. ఉపగ్రహం ద్వారా హెచ్చరికలు ముందే అందాయి. తీరం పొడవునా తుఫాను రక్షణ కేంద్రాలు లేచాయి. లక్షన్నరమందిని అధికారులు ముందుగానే ఊళ్ళనుంచి తరలించారు. ఎవరో ఒక ఉద్యోగి నిద్ర మానుకున్నాడు. ఎవరో ఒక డ్రైవరు గాలిలో లారీ నడిపాడు. కదలనని మొండికేసిన ముసలమ్మను ఎవరో ఎత్తుకుని తీసుకెళ్ళారు.

కథ అక్కడితో సుఖాంతం కాలేదు. 1996 నవంబరులో కోనసీమ తుఫాను మళ్ళీ సుమారు వెయ్యి ప్రాణాలు తీసుకుంది. సముద్రంలో వేటకు వెళ్ళి తిరిగిరానివారు ఎందరో. హెచ్చరిక రేడియోలో వినిపిస్తే చాలదు, పడవలో ఉన్నవాడి చెవిన పడాలి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖపట్నాన్ని ఛిన్నాభిన్నం చేసినా మన రాష్ట్రంలో మృతుల సంఖ్య పదుల్లోనే ఆగింది.

లిస్బన్ విషయంలో వోల్టేర్‌కు జవాబుగా 1756లో రూసో అనే తత్త్వవేత్త రాసిన లేఖలో ఈ మాటే ఉంది. ఆరేడు అంతస్తుల ఇళ్ళు వేలకొద్దీ ఒకచోట ఇరికించి కట్టింది ప్రకృతి కాదు, మనుషులే అని ఆయన గుర్తుచేశాడు. అక్కడి మంత్రి పొంబాల్ దేశంలోని విచారణ గురువులందరికీ ప్రశ్నలు పంపించాడు. కంపం ఎంతసేపు ఉంది, ఎందరు చనిపోయారు, సముద్రం ముందు వెనక్కి తగ్గిందా పైకి లేచిందా అని అడిగాడు. గురువులు ఓపికగా జవాబులు రాసి పంపారు. భూకంప శాస్త్రానికి అది ఒక తొలి అడుగు. కొత్త ఇళ్ళు కంపాన్ని తట్టుకునేలా లోపల చెక్కచట్రాలు పెట్టి కట్టారు. పాపాల జాబితా కంటె ఆ గురువుల జవాబులే ఎక్కువ ప్రాణాలు కాపాడి ఉంటాయి.

అయితే ఇక్కడ ఒక హెచ్చరిక. బాధ్యత మనుషులదే అన్నాం కదా అని, 'ఎవరు వెళ్ళమన్నారు వాళ్ళను సముద్రం ఒడ్డుకు?' అని చచ్చినవాళ్ళనే నిలదీసేవారు ఉంటారు. యోబు స్నేహితులే వేషం మార్చుకుని వచ్చారన్నమాట. పల్లంలో గుడిసె వేసుకున్నవాడు ఇష్టపడి వేసుకోలేదు, మెరకనేల అతనికి ఎవరూ ఇవ్వలేదు. ఎవరి చేతిలో అధికారం, డబ్బు, చదువు ఎక్కువ ఉన్నాయో బాధ్యతా వారిదే ఎక్కువ. ఎక్కువ ఇవ్వబడినవానినుంచి ఎక్కువ అడుగుతానని చెప్పింది ప్రభువే (లూకా 12:48). అలల తాకిడిని తగ్గించే మడ అడవులను నరికి రొయ్యల చెరువులు తవ్విన చేతులు గుడిసెవాసులవి కావు.

మిగిలిపోయే ప్రశ్న

'ఫాదర్, మీరు తెలివిగా నేరాన్ని మనిషి మీదకు నెట్టి దేవుణ్ణి తప్పించారు' అని ఒక నాస్తిక మిత్రుడు అనవచ్చు. ఆ మాటలో నిజం ఉంది. మనిషి ఎంత బాగా నడుచుకున్నా భూమి కంపిస్తుంది. ఎవరి తప్పూ లేకుండా నాలుగేళ్ళ పిల్లకు రక్తకేన్సరు వస్తుంది. ఆ పిల్ల తల్లికి మడ అడవుల గురించి చెబితే ఏం ప్రయోజనం?

ఆ మిత్రునికి నేను ఒక మాట గుర్తుచేస్తాను. ఆ పిల్ల చావు అన్యాయమని అతనూ అంటున్నాడు, నేనూ అంటున్నాను. లోకమంతా ఉత్త మట్టీ నీరూ అయితే, అల ఒక పదార్థం, పసిపాప ఒక పదార్థం, ఒకటి మరొకదాన్ని ముంచింది, అంతే. అందులో అన్యాయం ఎక్కడినుంచి వచ్చింది? ఇలా జరగకూడదు అని అతని గుండె కేకపెడుతోందంటే, జరగవలసిన మంచి ఒకటుందని అతని గుండెకు తెలుసు. దేవుని ధర్మశాస్త్రం ఎరుగనివారి హృదయాల్లో కూడా ఆ ధర్మం రాసి ఉందని పునీత పౌలు చెప్పాడు (రోమీ 2:14-15). దీంతో వాదం ముగిసిపోయిందని నేననను. కానీ ఆ కేక దేవునికి విరోధమైనది కాదని మాత్రం అంటాను.

కతోలిక శ్రీసభ సత్యోపదేశం (1992) కూడా ఈ ప్రశ్నకు చిటికెలో చెప్పే జవాబు లేదనీ, క్రైస్తవ విశ్వాసం మొత్తం కలిస్తేనే దీనికి జవాబనీ ఒప్పుకుంటుంది. విశ్వాసం మొత్తానికి నడిబొడ్డున ఉన్నది సిలువ. దేవుడు పరలోకంలో కూర్చుని కష్టానికి అర్థం వివరిస్తూ ఉత్తరం పంపలేదు. తన కుమారుణ్ణి పంపాడు. ఆ కుమారుడు పిలాతు చేతిలోనే, ఆ గలిలీయుల్లాగే, ఏ తప్పూ లేకుండా చనిపోయాడు. చనిపోతూ ఇరవైరెండవ కీర్తనలోని మాటతో, ఎందుకు నన్ను విడిచావని తండ్రినే అడిగాడు. కాబట్టి 'ఎందుకు?' అని అడిగిన ఏ తల్లీ పాపం చేయలేదు. ఆమె అడిగిన ప్రశ్నను ఆమెకంటె ముందు దేవుని కుమారుడు అడిగాడు. మూడవనాడు తండ్రి ఇచ్చిన జవాబు ఉత్థానం. ఆ జవాబు పూర్తిగా మన కళ్ళకు కనబడే రోజు ఇంకా రాలేదు. దానికోసం ఎదురుచూస్తూ బతకడమే విశ్వాసం.

మన వంతు

సిలోయము మృతులు దోషులు కారని చెప్పిన ప్రభువు అక్కడితో ఊరుకోలేదు. మీరు మారుమనస్సు పొందకపోతే మీరూ అలాగే నశిస్తారన్నాడు. పోయినవారి పాపాల లెక్క మాని బతికినవారు తమ లెక్క చూసుకోవాలన్నాడు. ఏదెను తోట వెలుపల కయీనును దేవుడు అడిగినది కూడా తన గురించి కాదు, తమ్ముడి గురించి (ఆది 4:9). దేవుడెక్కడ అని మనం అడిగినప్పుడల్లా, నీ తమ్ముడెక్కడ అని ఆయనా అడుగుతాడు. రెండు ప్రశ్నలూ కలిసే ఉండాలి.

అందుచేత ప్రియ పాఠకులారా, ఈ కాలంలో మూడు పనులు చేద్దాం.

చావు జరిగిన ఇంటికి వెళ్ళినప్పుడు కారణాలు చెప్పవద్దు. 'దేవునికి కావలసి తీసుకున్నాడు' అని కూడా తొందరపడి అనవద్దు. యోబు స్నేహితుల మొదటి ఏడు రోజులను నేర్చుకుందాం. పక్కన కూర్చుందాం, వంట చేసి పెడదాం, తొమ్మిది రోజులు పోయాక కూడా ఆ గడప తొక్కుదాం.

పిల్లలకు దేవుణ్ణి భూతంలా చూపవద్దు. అబద్ధమాడితే దేవుడు కళ్ళు పొడుస్తాడని భయపెట్టిన బిడ్డ, పెద్దయ్యాక కళ్ళులేని పసివాణ్ణి చూసి ఏమనుకోవాలి? ఆ భయం పోయిననాడు దేవుడూ పోతాడు. మనుషులు నాస్తికులు కావడంలో విశ్వాసుల బోధకూ, బతుకుకూ కొంత వాటా ఉండవచ్చని రెండవ వాటికన్ మహాసభ 1965లో స్పష్టంగా చెప్పింది. దివిసీమకు సహాయం చేయడానికి వెళ్ళినవారిలో గురువులూ మఠకన్యలూ ఉన్నారు, దేవుణ్ణి నమ్మని విజయవాడ నాస్తిక కేంద్రం వారూ ఉన్నారు. గాయపడినవాణ్ణి చూసి తప్పుకుపోయింది యాజకుడనీ, ఆగింది సమరియుడనీ ప్రభువు చెప్పిన కథ మనకోసమే (లూకా 10:30-37). నమ్మేవాళ్ళం వాళ్ళకంటె వెనుక ఉండకూడదు.

మూడవది, పాపసంకీర్తనానికి సిద్ధపడేటప్పుడు చేసిన తప్పులతోపాటు చేయకుండా విడిచిన పనులను కూడా వెతుక్కుందాం. పూజ ఆరంభంలో మనం చెప్పే పశ్చాత్తాప జపంలో ఆ మాట ఉంది, మనం గబగబా దాటేస్తాం. బడి కప్పుకు వేయవలసిన సిమెంటును మింగిన కాంట్రాక్టరు, చూడకుండా సంతకం పెట్టిన ఇంజనీరు, కాలువగట్టు బీటలు వారిందని తెలిసీ మనకెందుకులే అనుకున్న ఊరివాళ్ళు, వేలాడే కరెంటు తీగ గురించి ఒక అర్జీ కూడా పెట్టని మనం, రేపు ఆ బురుజు కూలితే 'దేవుడెంత క్రూరుడు' అనడానికి మనకు నోరెలా వస్తుంది?

ఈ సువిశేష భాగం ఒక అంజూరపు చెట్టుతో ముగుస్తుంది. మూడేళ్ళుగా కాయలేదు, నరికేయమన్నాడు యజమాని. తోటమాలి అడ్డుపడ్డాడు. ఈ ఒక్క ఏడు ఉండనివ్వండి, చుట్టూ తవ్వి ఎరువు వేస్తానన్నాడు. ఆ ఏడు ఇంకా గడవలేదు. ఆ తోటమాలి మట్టిలో చేతులు పెట్టి ఇంకా మన చుట్టూ తవ్వుతూనే ఉన్నాడు.

ప్రార్థన చేద్దాం: కరుణామయుడవైన తండ్రీ, మాకు అర్థంకాని దుఃఖంలో నీ కుమారుని సిలువ దగ్గర మమ్ము నిలబెట్టు. నిన్ను కాపాడాలని మా సోదరులమీద నేరం మోపకుండా మా నాలుకకు కాపలా ఉండు. మా చేతుల్లో ఉన్న మేలును రేపటికి వాయిదా వేయకుండా మమ్ము మేల్కొలుపు. దివిసీమలోనూ, ప్రతి తీరంలోనూ, ప్రతి ఇంటిలోనూ హఠాత్తుగా వెళ్ళిపోయిన నీ బిడ్డలకు నిత్యవిశ్రాంతి దయచేయి. మా నాథుడైన యేసుక్రీస్తు ద్వారా. ఆమెన్.